నాలుగు గళ్లు పచ్చబడ్డాకే ఎందుకు ఓడిపోతారు? ఐదక్షరాల ఇంగ్లిష్ మాటల లెక్క

ఐదక్షరాల ఇంగ్లిష్ మాట ఒకటి కనిపెట్టాలి. చివరి నాలుగు అక్షరాలు తెలిసిపోయాయి: 'ఐ', 'జి', 'హెచ్', 'టి'. మొదటి గడి ఒక్కటే ఖాళీ. చేతిలో ఇంకా నాలుగు అవకాశాలున్నాయి. ఇక గెలిచేసినట్టే అనిపిస్తుంది. కానీ ఆ ఖాళీలో 'ఎల్' పెడితే లైట్, 'ఎన్' పెడితే నైట్, 'ఆర్' పెడితే రైట్. ఫైట్, మైట్, సైట్, టైట్, ఎయిట్ కూడా అక్కడ చక్కగా కూర్చుంటాయి. 'డబ్ల్యూ' పెడితే ప్రాణి, మనిషి అనే అర్థంలో పూర్వం వాడిన ఇంకో మాట వస్తుంది. మొత్తం తొమ్మిది. ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే నాలుగు అవకాశాలు చాలవు.

ఇప్పుడు ఇంకో స్థితి చూడండి. మొదటి అక్షరం 'క్యూ' అని, చివరిది 'కె' అని మాత్రమే తెలుసు. మధ్యలో మూడు గళ్లు ఖాళీ. అయినా అక్కడ పట్టే మామూలు మాటలు నాలుగే: క్విక్, క్వాక్, క్విర్క్, క్వార్క్. రెండక్షరాలు తెలిస్తే నాలుగు మాటలు, నాలుగక్షరాలు తెలిస్తే తొమ్మిది! అందుకే ఎన్ని అక్షరాలు దొరికాయన్నది అసలు లెక్క కాదు. ఇంకా ఎన్ని మాటలు మిగిలాయన్నదే లెక్క. ఇన్ని అక్షరాలు, ఇంత పొడవు అని షరతు పెట్టే ఏ పజిల్‌కైనా ఇది వర్తిస్తుంది. లెక్కలు పక్కాగా తెలిసిన వర్డల్‌నే ఇక్కడ ఉదాహరణగా తీసుకుందాం. అది ఐదక్షరాల రహస్య మాటను ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టే ఆన్‌లైన్ ఆట. మీరు వేసిన మాటలో అక్షరం సరైన గడిలో ఉంటే పచ్చ, జవాబులో ఉన్నా వేరే గడిలో ఉంటే పసుపు, లేకపోతే బూడిద రంగు పడుతుంది.

ఇంగ్లిష్ అక్షరాలు 26. ఐదు గళ్లలో వాటిని ఎలా పడితే అలా పేర్చితే 1,18,81,376 వరసలు వస్తాయి. వర్డల్ మొదట్లో ఆమోదించిన మాటలు 12,972 మాత్రమే. అంటే తొమ్మిది వందల పైచిలుకు వరసలకు ఒక్కటి మాట అవుతుంది. అందులోనూ జవాబుగా రాగలిగేవి 2,315. మిగతా పదివేల ఆరు వందల చిల్లర మాటలను ప్రయత్నంగా వేయొచ్చు, కానీ అప్పట్లో అవి జవాబుగా వచ్చేవి కావు. ఈ రెండు జాబితాలు వేరని తెలియక చాలామంది నిఘంటువు మూలల్లోంచి వింత మాటలు తెచ్చి చివరి ప్రయత్నాలు వృథా చేసుకుంటారు. విచిత్రమైన మాటలు మిగిలినవాటిని వడపోసే జల్లెడగా పనికొస్తాయి, జవాబుగా కాదు.

ఈ ఆట తయారుచేసింది జోష్ వార్డల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2022 జనవరి ఆఖర్లో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనేసింది. కొన్నాక జవాబుల్లోంచి ఆరు మాటలు తీసేశారు, 2,309 మిగిలాయి. ఆ ఏడాది నవంబరు నుంచి జాబితాను చూసుకోవడానికి ప్రత్యేకంగా ఎడిటర్ ఉన్నారు. అప్పటి నుంచి పాత జాబితాలో లేని మాటలు కూడా అడపాదడపా జవాబుగా వస్తున్నాయి. కింద ఇచ్చే అంకెలన్నీ మొదటి 2,315 మాటలవి. నాలుగు మాటలు అటూ ఇటూ అయినా నిష్పత్తులు పెద్దగా మారవు.

ఆ జాబితాలో ఎక్కువసార్లు కనిపించే అక్షరం 'ఇ', 1,233 సార్లు. తర్వాత 'ఎ' 979, 'ఆర్' 899, 'ఓ' 754, 'టి' 729, 'ఎల్' 719, 'ఐ' 671, 'ఎస్' 669. అట్టడుగున 'జెడ్' 40, 'ఎక్స్' 37, 'క్యూ' 29, 'జె' 27. ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అయితే ఈ మొత్తాలతో పెద్ద ప్రయోజనం లేదు. ఏ అక్షరం ఏ గడిలో ఎన్నిసార్లు వస్తుందన్నదే పనికొచ్చే సమాచారం.

'ఎస్' సంగతే చూడండి. 669లో 366 సార్లు మొదటి గడిలోనే. రెండో గడిలో 16, మూడో గడిలో 80, నాలుగో గడిలో 171, చివరి గడిలో 36. ఇంగ్లిష్‌లో బహువచనమంటే చివర 'ఎస్' కదా, ఆ గడిలో ఇంత తక్కువేమిటి? మామూలు బహువచనాలను జవాబుల్లో పెట్టలేదు కాబట్టి. చివర 'ఎస్' వచ్చే ఆ 36 దాదాపుగా గ్లాస్, గ్రాస్ లాగా రెండు 'ఎస్'లున్నవో, వైరస్, ఫోకస్ లాంటివో. కాబట్టి బుక్స్ లాంటి మాటలను జవాబుగా ఆశించడం దండగ. 'వై' దీనికి తలకిందులు. మొత్తం 425లో 364 చివరి గడిలోనే ఉంటుంది, నాలుగో గడిలో మూడంటే మూడుసార్లు. పసుపు 'వై' కనిపించిందంటే ముందు చివరి గడి చూడాలి. 'హెచ్' అయితే రెండో గడిలో 144, ఐదో గడిలో 139, మధ్య గడిలో కేవలం 9. కారణం తేలికే. 'హెచ్' సాధారణంగా 'సి', 'ఎస్', 'టి', 'డబ్ల్యూ'ల తోకగా వస్తుంది. చెయిర్, షార్ప్, థింగ్, వీల్ మొదట్లో అది రెండో గడి. బీచ్, బ్రష్, టూత్ చివర్లో ఐదో గడి.

'ఆర్' రెండో గడిలో 267, ఐదో గడిలో 212. 'ఇ' చివర 424, నాలుగో గడిలో 318. ఇక చివరి గడిలో అసలు కనిపించని అక్షరాలు కూడా ఉన్నాయి: 'జె', 'క్యూ', 'వి'. ఇంగ్లిష్ స్పెల్లింగ్ 'వి'తో మాటను ముగించదు, వెనక ఒక 'ఇ' తగిలిస్తుంది. లీవ్, సాల్వ్, కర్వ్ అన్నీ అంతే. పసుపు 'వి' దొరికిన చోట నాలుగో గడిలో 'వి', ఐదో గడిలో 'ఇ' అని ఊహించడం మంచి పందెం.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక అలవాటు అడ్డొస్తుంది. గళ్ల నుడికట్టు పూరించేవాళ్లకు ఒక గడి అంటే గుణింతం, ఒత్తు అన్నీ కలిపి ఒక అక్షరం. 'స్త్రీ' మొత్తం ఒకే గడిలో ఇమిడిపోతుంది. ఇంగ్లిష్ గడి ఉచ్చారణను పట్టించుకోదు. నైఫ్ అని పలుకుతాం, మొదటి గడిలో పలకని 'కె' ఉంటుంది. రాంగ్‌కు ముందు 'డబ్ల్యూ', డౌట్ మధ్యలో 'బి', లైట్ మధ్యలో 'జి', 'హెచ్'. మాటను చెవితో వెతికితే ఇవి తట్టవు. రెండో గడిలో 'ఎన్' పచ్చబడితే 'కె', 'ఎస్'లను, 'ఆర్' పచ్చబడితే 'డబ్ల్యూ'ను కూడా కంటితో పెట్టి చూడాలి.

స్పెల్లింగ్ విషయంలో ఇంకో పేచీ ఉంది. మన బడుల్లో నేర్పేది బ్రిటిష్ పద్ధతి. కలర్ అంటే ఆరక్షరాలని మనసులో ముద్ర పడిపోయి ఉంటుంది. ఈ ఆట అమెరికన్‌ది. కలర్, ఫేవర్, హ్యూమర్, హానర్, లేబర్, రూమర్, ఆర్మర్ ఇవన్నీ 'యు' తీసేసుకుని ఐదక్షరాల్లోకి వచ్చేస్తాయి. 2022 ఫిబ్రవరిలో హ్యూమర్ జవాబుగా వచ్చినప్పుడు బ్రిటన్‌లో ఆడేవాళ్లు గొడవ చేశారు కూడా. చివర 'ఓ', 'ఆర్' తేలితే ఈ కుటుంబాన్ని తప్పక గుర్తు చేసుకోవాలి.

మొదటి మాట దేనితో మొదలుపెట్టాలన్నది ఎప్పటికీ తెగని చర్చ. చాలామంది అడ్యూ వేస్తారు, అంటే ఎ-డి-ఐ-ఇ-యు. ఒకే దెబ్బకు నాలుగు అచ్చులు తేలిపోతాయని ఆశ. అది మంచి ఎత్తు కాదని నా అభిప్రాయం. అచ్చులు తెలిసినంత మాత్రాన మాటలు విడిపోవు. మూడో గడిలో 'ఎ', చివర 'ఇ' ఖాయమని తెలిసిందనుకోండి. షేప్, గ్రేస్, ప్లేన్, స్నేక్, బ్రేవ్, స్కేల్, ట్రేడ్ ఇలా మొదటి జాబితాలో డెబ్బైకి పైగా మిగులుతాయి. వాటిని విడదీసేవి హల్లులే.

ఒక ప్రయత్నానికి ఎన్ని రకాల సమాధానాలు రావచ్చో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఒక్కో గడికి మూడు రంగులు, ఐదు గళ్లు, మొత్తం 243 కలయికలు. నాలుగు పచ్చ, ఒక పసుపు అనేది జరగని పని, ఎందుకంటే ఆ పసుపు అక్షరం కదలడానికి వేరే గడి ఉండదు. అలాంటివి ఐదు తీసేస్తే 238. మొదటి మాట చేయాల్సింది ఆ 2,315 మాటలను ఈ 238 బుట్టల్లోకి వీలైనంత సమంగా పంచడం. ఏ మాటా పూర్తి సమంగా పంచలేదు. రెయిజ్, అంటే ఆర్-ఎ-ఐ-ఎస్-ఇ, వేస్తే సగటున 61 మాటలు మిగులుతాయి. పాతకాలపు యుద్ధ శిరస్త్రాణానికి పేరైన ఎస్-ఎ-ఎల్-ఇ-టి తో మొదలుపెట్టి ప్రతి అడుగూ తప్పు లేకుండా వేస్తే సగటున 3.421 ప్రయత్నాల్లో ముగుస్తుందని కంప్యూటర్ లెక్క తేల్చింది. మనిషి ప్రతి అడుగూ అలా వేయలేడు కాబట్టి స్లేట్, క్రేన్, రెయిజ్ వీటిలో ఏది వేసినా తేడా నామమాత్రమే. ఒకటి ఎంచుకుని రోజూ దానితోనే ఆడితే ఏ రంగుల తర్వాత ఏం వేయాలో చేతికి అలవాటవుతుంది.

రంగులు చదవడంలో అందరూ తడబడే చోటు ఒకే అక్షరం రెండుసార్లు రావడం. జవాబుల్లో మూడింట ఒక వంతుకు కాస్త తక్కువ మాటల్లో ఏదో ఒక అక్షరం మళ్లీ వస్తుంది. ఇది చిన్న సంఖ్య కాదు. ఆట రంగులు వేసే వరస ఇది: ముందు సరైన గడిలో ఉన్నవాటికి పచ్చ వేస్తుంది. ఆ తర్వాత ఎడమ నుంచి కుడికి వెళ్తూ, జవాబులో ఇంకా లెక్కకు రాని అక్షరాలుంటే పసుపు వేస్తుంది. అవి అయిపోతే బూడిద.

మిశ్రలోహం అనే అర్థమున్న అలాయ్ జవాబు అనుకుందాం: ఎ-ఎల్-ఎల్-ఓ-వై. మీరు లామా వేశారు: ఎల్-ఎల్-ఎ-ఎమ్-ఎ. రెండో గడిలో 'ఎల్' పచ్చ. మొదటి గడిలో 'ఎల్' పసుపు, ఎందుకంటే జవాబులో ఇంకో 'ఎల్' మిగిలి ఉంది. మూడో గడిలో 'ఎ' పసుపు. చివరి 'ఎ' మాత్రం బూడిద. జవాబులో 'ఎ' లేదని కాదు దాని అర్థం. ఒకటే ఉంది, దాని లెక్క అయిపోయింది అని. బూడిద రంగు చూడగానే ఆ అక్షరాన్ని కొట్టేసేవాళ్లు ఇక్కడ జవాబునే కొట్టేస్తారు. అదే అక్షరం ఇంకో గడిలో పచ్చగానో పసుపుగానో ఉంటే, బూడిద రంగు 'ఇంతకు మించి లేవు' అని చెబుతోందన్నమాట. ఇది చాలా విలువైన సమాచారం, ఎన్ని ఉన్నాయో కచ్చితంగా తేలిపోతుంది కాబట్టి. పసుపుకూ రెండు ముఖాలున్నాయి: ఈ అక్షరం ఉంది, కానీ ఈ గడిలో లేదు. రెండో సగాన్ని మర్చిపోయి పసుపు అక్షరాన్ని మళ్లీ అదే గడిలో పెట్టడం అన్నింటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

ఇప్పుడు మొదట్లో వదిలేసిన ఐ-జి-హెచ్-టి వలలోంచి బయటపడదాం. ఎదురుగా తొమ్మిది మాటలు, తేలాల్సింది మొదటి అక్షరం ఒక్కటే: 'ఇ', 'ఎఫ్', 'ఎల్', 'ఎమ్', 'ఎన్', 'ఆర్', 'ఎస్', 'టి', 'డబ్ల్యూ'. లైట్ వేస్తే అది తగిలే అవకాశం తొమ్మిదిలో ఒకటి, తగలకపోతే ఎనిమిది మిగులుతాయి. దానికి బదులు, జవాబు కాదని తెలిసీ ఈ అక్షరాలను కట్టకట్టి మోసుకెళ్లే మాట వేయాలి. ఫెర్న్స్ అలాంటిది: ఎఫ్-ఇ-ఆర్-ఎన్-ఎస్. ఐదుకు ఐదూ మనకు కావలసినవే. 'ఎఫ్' పచ్చబడితే ఫైట్. 'ఇ' పసుపైతే ఎయిట్, 'ఆర్' అయితే రైట్, 'ఎన్' అయితే నైట్, 'ఎస్' అయితే సైట్. అన్నీ బూడిదైతే లైట్, మైట్, టైట్, 'డబ్ల్యూ' మాట మిగులుతాయి. అప్పుడు ఎమ్-ఇ-డబ్ల్యూ-ఎల్-ఎస్ వేయండి, పసిపాప సన్నగా మూలగడానికి ఇంగ్లిష్‌లో ఉన్న మాట. 'ఎమ్' పచ్చైతే మైట్, 'డబ్ల్యూ' పసుపైతే ఆ పాత మాట, 'ఎల్' పసుపైతే లైట్, ఏదీ వెలగకపోతే టైట్. ఎంత చెడ్డా మూడో ప్రయత్నానికి జవాబు చేతిలో ఉంటుంది.

జల్లెడ మాట ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. అందరిలోనూ ఉన్న అక్షరాన్ని అందులో పెట్టి లాభం లేదు. ఇక్కడ జల్లెడలో ఒక్క 'టి' పెడితే అది ఏ జవాబుకైనా వెలుగుతుంది, కొత్తగా ఏమీ చెప్పదు. టైట్‌ను పట్టడానికి 'టి' వాడాలంటే దాన్ని మొదటి గడిలోనే పెట్టాలి. అంత తిప్పలు పడేకంటే మిగతావన్నీ తోసేసి దాన్ని చివరికి మిగల్చడమే సులువు.

ఆటలో హార్డ్ మోడ్ అనే కఠిన పద్ధతి కూడా ఉంది, కావాలంటే ఎంచుకోవచ్చు. అందులో ఈ దారి మూసుకుపోతుంది. పచ్చ అక్షరాలు అక్కడే ఉంచాలి, పసుపువి తప్పనిసరిగా వాడాలి. బూడిద అక్షరాలను మళ్లీ వాడొద్దనే నియమం మాత్రం లేదు. నాలుగు పచ్చలు పడ్డాక హార్డ్ మోడ్‌లో చేయగలిగింది అదృష్టాన్ని నమ్ముకోవడమే. కాబట్టి అక్కడ ఆలోచన అంతకుముందే జరగాలి. 'ఐ', 'టి', 'హెచ్' పసుపుగా కనిపించగానే లైట్ కుటుంబం గుర్తొచ్చి, వెంటనే దాన్ని వేసేయడానికి చేయి ఆడుతుంది. ఆగాలి. ఆ మూడు అక్షరాలనూ వాడుతూ కుటుంబం బయట నిలబడే మాట ఒకటి వేసి, దానితోపాటు రెండు మూడు హల్లులను తేల్చుకుని, ఆ తర్వాతే వలలోకి దిగాలి. ఇలాంటి కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఓ-యు-ఎన్-డి చివరగా ఉన్న సౌండ్, రౌండ్, పౌండ్, ఫౌండ్, బౌండ్, హౌండ్, మౌండ్, ఊండ్. ఎ-టి-సి-హెచ్ తో క్యాచ్, మ్యాచ్, బ్యాచ్, ప్యాచ్, వాచ్, ల్యాచ్, హ్యాచ్.

అరుదైన అక్షరాలు కనిపిస్తే భయపడేవాళ్లున్నారు. నిజానికి అవి వరం. 'క్యూ' ఉన్న జవాబులు మొదటి జాబితాలో 29. అందులో 23 'క్యూ'తోనే మొదలవుతాయి, మిగతా ఆరు ఈక్వల్, ఈక్విప్, స్క్వాడ్ లాంటివి. అన్నింట్లోనూ 'క్యూ' వెనకే 'యు'. పచ్చ 'క్యూ' పడితే పక్క గడి కూడా ఉచితంగా తెలిసినట్టే. 'జె' అయితే 27లో 20 మొదటి గడిలోనే.

అక్షరాల పలకలతో బోర్డు మీద మాటలు పేర్చే స్క్రాబుల్‌కు వస్తే సంగతి వేరు. అక్కడ 'క్యూ' విలువ పది పాయింట్లు, 'యు' చేతిలో లేకపోతే అది గుదిబండ. 'క్యూ' వెనక 'యు' రాని మాటలు చాలావరకు అరబిక్, హీబ్రూ, చైనీస్ నుంచి వచ్చినవి. ఇక్కడ మనకు కాస్త సౌకర్యం ఉంది. ఫకీర్, తలాక్, నికాబ్, బుర్ఖా ఇవన్నీ తెలుగువాళ్లకు రోజూ వినపడే మాటలే. ఇంగ్లిష్‌లో 'క్యూ'తో రాస్తే నాలుగూ ఐదేసి అక్షరాలే, స్క్రాబుల్ జాబితాల్లో నాలుగూ చెల్లుతాయి. ఫకీర్‌ను ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్ అని, తలాక్‌ను టి-ఎ-ఎల్-ఎ-క్యూ అని పేర్చుకోవాలి. 'కె'తో రాసే అలవాటును ఆ కాసేపు పక్కన పెడితే చాలు.

అచ్చులే లేని మాటలను కూడా ఒకసారి చూసి పెట్టుకోవాలి. క్రిప్ట్, నింఫ్, జిప్సీ, పిగ్మీ, ట్రిస్ట్, గ్లిఫ్, లింఫ్. అన్నింట్లోనూ అచ్చు పని చేసేది 'వై'. ఐదు అచ్చులూ బూడిదైతే కంగారు పడకుండా రెండో గడిలోనో మూడో గడిలోనో 'వై' పెట్టి చూడాలి.

ఈ వెతుకులాటను కంప్యూటర్‌లో చేసి చూడాలంటే ప్రోగ్రామింగ్ రానక్కరలేదు, ఎక్సెల్ చాలు. మాటల జాబితాను ఒక నిలువు వరసలో పెట్టండి. పక్కన ఐదు వరసలు తీసుకుని, మిడ్ ఫంక్షన్‌తో ఒక్కో మాటను ఒక్కో అక్షరంగా విడగొట్టండి. పచ్చ అక్షరానికి ఆ గడి వరసలో ఫిల్టర్ పెట్టాలి. పసుపు అక్షరానికి రెండు ఫిల్టర్లు: మొత్తం మాటలో అది ఉండాలి, ఆ గడి వరసలో ఉండకూడదు. బూడిద అక్షరాలు మాటలో ఎక్కడా ఉండకూడదు, పైన చెప్పిన రెండుసార్ల మినహాయింపుతో. ఉదాహరణకు క్రేన్ వేస్తే చివరి 'ఇ' పచ్చ, 'ఆర్' పసుపు, మిగతావి బూడిద అయ్యాయనుకోండి. రెండో గడిలో 'ఆర్' ఉన్నవన్నీ పోతాయి. హార్స్, వర్స్, ఫోర్జ్, స్టోర్, రిడ్జ్, మన రూపీ కూడా మిగులుతాయి.

ఒక అక్షరం మాటలో ఎన్నిసార్లు ఉందో తెలియాలంటే సబ్‌స్టిట్యూట్‌తో దాన్ని తీసేసి, లెన్‌తో పొడవు తీసి, ఐదులోంచి తగ్గించాలి. సబ్‌స్టిట్యూట్ చిన్న, పెద్ద అక్షరాలను వేరుగా చూస్తుంది. జాబితాలో కొన్ని మాటలు పెద్ద అక్షరాల్లో ఉంటే లెక్క తప్పుతుంది, తప్పిందని ఎక్కడా చూపించదు కూడా. అందుకే ముందు లోయర్ ఫంక్షన్‌తో అన్నింటినీ చిన్న అక్షరాల్లోకి మార్చుకోవాలి. మాటల వెనక కంటికి కనపడని ఖాళీ అంటుకుని ఉంటే ఐదు బదులు ఆరు పొడవు వస్తుంది, ట్రిమ్‌తో అది పోతుంది.

అక్షరాలు తెలుసు, వరస తెలియదు అన్నప్పుడు వేరే పద్ధతి. ప్రతి మాటలోని అక్షరాలను అకారాది క్రమంలో పేర్చి ఆ మాటకు తాళంచెవిగా రాయాలి. స్లేట్, స్టీల్, స్టేల్, లీస్ట్ నాలుగింటికీ ఎ-ఇ-ఎల్-ఎస్-టి అనే ఒకే తాళంచెవి వస్తుంది. ఇక్కడి స్టీల్ దొంగిలించడం, లోహం కాదు. తాళంచెవుల వరసను సార్ట్ చేస్తే ఒకే అక్షరాలున్న మాటలన్నీ పక్కపక్కన చేరతాయి. స్క్రాబుల్‌ను గట్టిగా ఆడేవాళ్లు పలకలను ఇలాగే పేర్చుకుని బట్టీ పడతారు.

వలలను పట్టుకోవడానికి కూడా ఇదే ఉపాయం పనికొస్తుంది. ప్రతి మాటలో ఒక అక్షరం స్థానంలో చుక్క పెట్టి, మిగతా నాలుగింటినీ తాళంచెవిగా చేసి, ఒక్కో తాళంచెవికి ఎన్ని మాటలున్నాయో పివట్ టేబుల్‌తో, అంటే ఒకేలాంటివాటిని కూడగట్టి లెక్కించే ఎక్సెల్ పట్టికతో, లెక్కపెట్టాలి. చుక్క మొదటి గడిలోనే కాకుండా ఐదు గళ్లలోనూ విడివిడిగా పెట్టి చూడాలి, ఎందుకంటే వల మధ్యలో కూడా ఉంటుంది. ఎస్-హెచ్-ఎ-చుక్క-ఇ తీసుకోండి: షేడ్, షేక్, షేల్, షేమ్, షేప్, షేర్, షేవ్. ఏడు మాటలు, నాలుగో గడి ఒక్కటే తేడా. దీనికి జల్లెడలు రెండూ మామూలు మాటలే. ముందు ప్లంబ్, పి-ఎల్-యు-ఎమ్-బి: షేప్, షేల్, షేమ్ తేలిపోతాయి. ఏదీ వెలగకపోతే డ్రింక్: 'డి' వెలిగితే షేడ్, 'ఆర్' వెలిగితే షేర్, 'కె' వెలిగితే షేక్. అప్పటికీ అంతా బూడిదే అయితే షేవ్ వేసేయండి.